గర్భనిరోధక ప్రకటనల్లో నెలసరి: చెప్పేది ఎంత, చెప్పనిది ఎంత

గుంటూరు నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. పెళ్లై ఏడాదిన్నర అయింది. పిల్లలు ఇంకో రెండేళ్ల తర్వాత అనుకుని గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టింది. రెండో స్ట్రిప్ నడుస్తుండగా మధ్యలో మరకలు కనిపించాయి, ఆ తర్వాత డేట్ కూడా బాగా తక్కువగా వచ్చింది. ఫోన్లో చూసిన వీడియోలో మాత్ర వేసుకున్న అమ్మాయి తెల్ల బట్టల్లో హాయిగా నవ్వుతోంది, మరి నాకెందుకు ఇలా అని ఒక టెన్షన్. చెడు రక్తం బయటికి పోకపోతే లోపలే గడ్డకట్టి ఒళ్లు వచ్చేస్తుందని అత్తగారు అంటున్నారు, అది ఇంకో టెన్షన్. "ప్రకటనను నమ్మాలా, అత్తయ్యను నమ్మాలా? మాత్రలు ఆపేయనా?" అని అడిగింది.

అమ్మా, మాత్రలు ఆపేయాల్సిన కారణం మీరు రాసినదాంట్లో నాకు కనిపించలేదు. మొదటి మూడు నెలల్లో మధ్యలో మరకలు పడటం మామూలే, డేట్ తక్కువగా రావడమూ మామూలే. చూసుకోవాల్సిన జాగ్రత్తలు చివర్లో రాస్తాను. ప్రకటనల గురించి అడిగారు కాబట్టి అది కొంచెం వివరంగా చెప్పాలి.

విజయవాడ సూర్యారావుపేటలో గైనకాలజిస్టుగా ఇన్నేళ్లుగా చూస్తున్నాను. గర్భం రాకుండా వాడుతున్నదాన్ని మధ్యలో వదిలేసి వచ్చేవాళ్లలో, అది పనిచేయలేదని వదిలినవాళ్లు చాలా తక్కువ. నెలసరి మారిందని వదిలినవాళ్లే ఎక్కువ. ఆ మార్పు వస్తుందని ముందుగా వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు. గర్భనిరోధక ప్రకటనల మీద నా ఫిర్యాదంతా ఇక్కడే ఉంది. ఆ సాధనం మన ఒంట్లో చేసే పనుల్లో మనకు కళ్లారా కనిపించేది ఒక్క నెలసరి మార్పే. ప్రకటన సరిగ్గా ఆ ఒక్కదాన్నే వదిలేస్తుంది.

ముందు మీ అత్తగారి భయం చూద్దాం. మామూలు నెలలో హార్మోన్ల వల్ల గర్భసంచి లోపలి పొర మందంగా పెరుగుతుంది. గర్భం రాకపోతే హార్మోన్లు పడిపోయి ఆ పొర రక్తంతో కలిసి బయటికి వస్తుంది. మాత్రలు వాడుతున్నప్పుడు అండం విడుదల కాదు, పొర కూడా పల్చగానే ఉండిపోతుంది. పెరగని పొర రాలడానికి ఏముంటుంది? అందుకే తక్కువగా వస్తుంది. బయటికి రావాల్సిన రక్తం లోపల ఆగిపోవడం అంటూ ఏమీ జరగదు. అసలు నెలసరి రక్తం చెడు రక్తమే కాదు. ఒంట్లో తిరిగే రక్తమే, లోపలి పొరతో, కొంత స్రావంతో కలిసి వస్తుంది.

ఇంకో సంగతి కూడా ఆవిడకు చెప్పండి. 21 హార్మోన్ మాత్రలు అయ్యాక వచ్చేది అసలైన నెలసరి కాదు, హార్మోన్ ఆపినందుకు వచ్చే బ్లీడింగ్. మన మాలా-డి, మాలా-ఎన్ స్ట్రిప్పుల్లో ఆ ఏడు రోజులకు ఐరన్ మాత్రలు ఉంటాయి, రోజూ ఒకటి వేసుకునే అలవాటు తప్పకుండా. ఇలా హార్మోన్‌కు విరామం ఇవ్వడం వైద్య అవసరం కొద్దీ పుట్టింది కాదు. 1950ల్లో అమెరికాలో శాస్త్రవేత్త గ్రెగరీ పింకస్, డాక్టర్ జాన్ రాక్ ఈ మాత్రను పరీక్షించినప్పుడు, నెలనెలా రక్తం కనిపిస్తే ఆడవాళ్లకు సహజంగా అనిపిస్తుంది, గర్భం రాలేదన్న ధీమా ఉంటుంది అని అలా అమర్చారు. ఆ మొదటి మాత్ర ఎనోవిడ్ 1957లో అనుమతి పొందింది నెలసరి ఇబ్బందులకు మందుగా. గర్భనిరోధకంగా అనుమతి వచ్చింది 1960లో. అంటే మొదటి మూడేళ్లు గర్భనిరోధకం నెలసరి మందు పేరు చాటునే బతికింది. విరామం వల్ల ఆరోగ్యానికి ప్రత్యేకమైన లాభమేమీ లేదని బ్రిటన్‌లో ఈ రంగపు నిపుణుల సంస్థ 2019లో తన మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది.

అమెరికాలో మందుల కంపెనీలు టీవీలో నేరుగా జనానికే ప్రకటనలు ఇవ్వొచ్చు. అక్కడ 2003లో సీజనేల్ అనే మాత్ర వచ్చింది. ఏడాదికి నాలుగు నెలసరులు చాలు అన్నది దాని ప్రచారం. 2007లో లిబ్రెల్ వచ్చింది, అందులో విరామమే లేదు. వైద్యపరంగా ఇందులో తప్పేమీ లేదు. ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నవాళ్లకు, భరించలేని నొప్పి ఉన్నవాళ్లకు మేము కూడా విరామం లేకుండా వాడమని రాస్తాం. నా అభ్యంతరం ఆ ప్రకటనల ధోరణి మీద. నెలసరి ఒక పనికిరాని బెడద, అది లేని ఆడదే చురుకైనది, స్వేచ్ఛగా ఉన్నది అన్నట్టు చూపించారు. ఇలా విరామం లేకుండా వాడితే మొదటి నెలల్లో మధ్యలో మరకలు మామూలు మాత్రల కన్నా ఎక్కువ పడతాయి. నెలసరి పోతుందని పెద్దక్షరాల్లో చెప్పి, చెప్పాపెట్టకుండా వచ్చే మరకల సంగతి చిన్నక్షరాల్లో పెడితే, నమ్మి కొనుక్కున్న మనిషి ఏమైపోవాలి?

బేయర్ కంపెనీ వారి యాజ్ మాత్రది ఇంకో దారి. డేట్‌కు ముందు వచ్చే చిరాకు, కడుపు ఉబ్బరం, మొటిమలు అన్నీ దీంతో పోతాయన్నట్టు ప్రకటనలు వేశారు. గర్భనిరోధానికి పోను దానికి అనుమతి ఉన్నది ఆ చిరాకు మరీ తీవ్రంగా, జబ్బు స్థాయిలో ఉన్నవాళ్లకు, ఒక మోస్తరు మొటిమలకు మాత్రమే. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2008లో హెచ్చరిక లేఖ పంపింది. 2009లో కంపెనీ సుమారు 2 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టి, ముందు చెప్పినదాన్ని సరిదిద్దుతూ కొత్త ప్రకటనలు వేయాల్సి వచ్చింది. ఇక్కడ ముఖ్యమైన విషయం రక్తం గడ్డలు. యూరప్ మందుల సంస్థ లెక్క ప్రకారం, మాత్రలు వాడని 10,000 మంది ఆడవాళ్లలో ఏడాదికి సుమారు ఇద్దరికి సిరల్లో గడ్డలు వస్తాయి. మాలా-డిలో ఉండే లెవోనార్‌జెస్ట్రెల్ రకం వాడేవాళ్లలో 5 నుంచి 7 మందికి, యాజ్‌లో ఉండే డ్రోస్పిరెనోన్ రకం వాడేవాళ్లలో 9 నుంచి 12 మందికి వస్తాయి. రెండూ తక్కువే, గర్భంతో ఉన్నప్పుడు ఉండే ప్రమాదం ఇంతకన్నా ఎక్కువ. అయినా మొటిమల కోసం మాత్ర ఎంచుకునే అమ్మాయికి ఈ తేడా చెప్పి తీరాలి.

మన దేశం సంగతి వేరు. 1954 నాటి మందుల అభ్యంతరకర ప్రకటనల చట్టం మూడో సెక్షన్‌లో, ఆడవాళ్లకు గర్భం రాకుండా చేసే మందుల ప్రకటనలకూ, నెలసరి ఇబ్బందులు సరిచేసే మందుల ప్రకటనలకూ ఒకేచోట నిషేధం ఉంది. గర్భస్రావం, శృంగార సామర్థ్యం కూడా అదే జాబితాలో ఉన్నాయి. ప్రభుత్వం తానే వేసే ప్రకటనలకూ, ప్రభుత్వ అనుమతి తీసుకున్నవాటికీ మినహాయింపు ఉంది. మోసగాళ్ల నుంచి ఆడవాళ్లను కాపాడాలన్నది ఆ చట్టం ఉద్దేశం, అది మంచిదే. కాకపోతే దాని నీడలో మన గోడల మీద, రేడియోలో కుటుంబ నియంత్రణ గురించి ప్రధానంగా మాట్లాడింది ప్రభుత్వమే. ఎర్ర త్రికోణం గుర్తు, 1968లో వచ్చిన నిరోధ్ కండోమ్, "చిన్న కుటుంబం చింతలేని కుటుంబం" అన్న నినాదం, ఇవన్నీ విజయవాడ, గుంటూరు ఆసుపత్రి గోడల మీద చూస్తూ పెరిగినవాళ్లం మేము. ఆ బొమ్మల్లో చీరకట్టుకున్న తల్లి, పక్కన భర్త, ఇద్దరు పిల్లలు. అందులో కుటుంబం ఉంది, దేశం ఉంది, ఆమె ఒళ్లు మాత్రం లేదు. ఆ మాత్ర వేసుకుంటే, గర్భసంచిలో పెట్టే ఆ లూప్ వేయించుకుంటే ఆమెకు ఏమవుతుందో ఆ గోడ చెప్పలేదు.

2017లో జాతీయ కుటుంబ నియంత్రణ కార్యక్రమంలోకి అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్ర వచ్చాయి. రెండూ మంచివే, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. అంతర మూడు నెలలకోసారి. ఛాయ వారానికి రెండుసార్లు మూడు నెలలు, ఆ తర్వాత వారానికోసారి. ఇందులో హార్మోన్ ఉండదు, లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారైన మందు. పోస్టర్ మీద మూడు నెలల నిశ్చింత అన్న భావం కనిపిస్తుంది. ఇంజెక్షన్ తర్వాత మొదటి నెలల్లో రోజుల తరబడి మరకలు పడొచ్చు, ఏడాది వాడేసరికి దాదాపు సగం మందికి నెలసరి పూర్తిగా ఆగిపోతుంది. శిక్షణ పుస్తకాల్లో ఇదంతా ఉంది. ఓపికగా చెప్పే ఏఎన్‌ఎం నర్సమ్మ దొరికితే చెబుతుంది. రద్దీలో చెప్పే తీరిక దొరక్కపోతే ఆ పోస్టర్ చూసినంతే ఆమెకు తెలిసేది.

మన ఇళ్లలో ఈ మార్పు ఎంత పెద్ద విషయమో ప్రకటనలు రాసేవాళ్లు ఒక్కసారి తెనాలి, పొన్నూరు వైపు ఏ ఇంట్లోనైనా కూర్చుని వింటే బాగుండు. నెలసరి మన దగ్గర ఒక్క మనిషి వ్యవహారం కాదు. కోడలికి డేట్ ఎప్పుడో అత్తగారికి తెలుసు, తోడికోడలికి తెలుసు. నాలుగు రోజులు దాటితే "ఏమ్మా, విశేషమా?" అంటారు. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఆ మూడు రోజులు వంటింట్లోకి రానివ్వరు, దేవుడి గది వైపు చూడనివ్వరు. అలాంటి ఇంట్లో ఒకామె ఇంజెక్షన్ చేయించుకుంది, పదిహేను రోజులు మరకలు పడ్డాయనుకోండి. ఒక్క చుక్క కనిపించినా బయట ఉన్నట్టే లెక్క. అన్నిరోజులు వంట ఎవరు చేయాలి? పిల్లాడికి బాక్స్ ఎవరు కట్టాలి? మధ్యలో వరలక్ష్మీ వ్రతం వస్తే ఏం చెప్పాలి? ఇంట్లో తెలియకుండా చేయించుకుని ఉంటే ఆ మాట కూడా బయటపడిపోతుంది. ఇంకొకామెకు డేటే రాదు. కడుపు వచ్చిందేమోనని వణికిపోతూ పరీక్ష చేయించుకోవడానికి వస్తుంది. వచ్చే డోసుకి ఇద్దరూ రారు. వాళ్లను తెలివితక్కువవాళ్లని అనుకునే డాక్టర్లను చూశాను, నాకు చాలా కోపం వస్తుంది. వాళ్ల జీవితం దేనిమీద నడుస్తోందో దాన్నే ఆ ఇంజెక్షన్ కదిపింది, ఆ మాట ముందు చెప్పాల్సినవాళ్లం మనం.

ఇదే ఇళ్లలో డేట్ వాయిదా వేసే మాత్రలు మాత్రం ఎవరినీ అడగకుండా వాడతారు. దసరాకు ఇంద్రకీలాద్రి వెళ్లాలి, భవానీ దీక్ష ఉంది, గృహప్రవేశం ఉంది, 2016లో అయితే కృష్ణా పుష్కరాలు. మెడికల్ షాపులో అడిగితే నోరెథిస్టెరోన్ ఇస్తారు. సాధారణంగా డేట్‌కు మూడు రోజుల ముందు నుంచి, 5 మిల్లీగ్రాములది రోజుకు మూడుసార్లు. ఆపిన రెండు మూడు రోజులకు డేట్ వస్తుంది. అప్పుడప్పుడు వాడితే చాలామందికి ఇబ్బంది ఉండదు. కానీ ఇంతకుముందు రక్తం గడ్డలు వచ్చినవాళ్లు, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు. ఇవి వాడుతున్నన్ని రోజులు గర్భం రాదనుకోవడం పెద్ద పొరపాటు, ఆ వాడకంలో అవి గర్భనిరోధకాలు కావు. పూజ కోసం నెలసరి ఆపితే ఎవరికీ చెడు రక్తం గుర్తుకు రాదు, కోడలు తన కోసం ఆపుకుంటే గుర్తుకొస్తుంది. మీ అత్తగారితో గొడవపడమని నేను అనను, ఈ విషయం మాత్రం మెల్లగా అడిగి చూడండి.

పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగా విడుదల కాని సమస్య) ఉన్న పెళ్లికాని అమ్మాయిలది మరో బాధ. డేట్లు సరిగా రావని ఇంటర్, డిగ్రీ పిల్లలకు ఇవే మాత్రలు రాస్తాం. తల్లి స్ట్రిప్ చూసి "ఇవి కాపురం చేసేవాళ్లు వాడేవి కదా మేడమ్" అంటుంది. హాస్టల్ పెట్టెలో ఎవరైనా చూస్తారేమోనని కొందరు మధ్యలో పారేస్తారు. ఎప్పుడూ భర్త, పిల్లల పక్కనే మాత్రను చూపించిన ప్రచారం వల్ల ఇది కూడా జరిగింది. మాత్ర వాడినన్నాళ్లు డేట్ టైముకు వస్తుంది, దాంతో పీసీఓడీ తగ్గిపోయిందని అనుకోకండి. ఆ బ్లీడింగ్ మాత్ర తెచ్చింది.

ఎమర్జెన్సీ మాత్రల ప్రకటనల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 2007లో ఐ-పిల్ వచ్చాక ఇవి ఇంటింటికీ తెలిశాయి, అది మేలే. కంగారు పడే ఆడపిల్ల, ఒక్క మాత్రతో ఊరట, అంతే కథ. తర్వాతి డేట్ వారం ముందో వెనకో రావచ్చని చెప్పకపోవడంతో, ఆ అమ్మాయి మళ్లీ అదే కంగారులో పడుతుంది, కొందరు ఇంకో మాత్ర కూడా మింగేస్తారు. కలయిక తర్వాత 72 గంటల్లోపు, ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది. అప్పటికే వచ్చిన గర్భాన్ని ఇది తీసేయదు. డేట్ వారం కన్నా ఎక్కువ ఆలస్యమైతే పరీక్ష చేసుకోవాలి. ఇక కండోమ్ ప్రకటనలకు నెలసరితో పనే లేదు, వాటికి ఆడదాని ఒళ్లు మగవాడిని ఊరించడానికి. 2017 డిసెంబర్‌లో వాటిని రాత్రి 10 నుంచి ఉదయం 6 మధ్యే వేయమని కేంద్రం చెప్పింది. అసభ్యంగా లేనివాటికి ఆ నిబంధన వర్తించదని తర్వాత వివరణ ఇచ్చింది.

ఇదంతా ఆంధ్రలో ఎక్కడికి చేరిందో చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో పెళ్లైన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశం మొత్తం మీద అది 38 శాతం. మగవాళ్ల ఆపరేషన్లు ఒక్క శాతం కూడా లేవు, వేసెక్టమీ చిన్నది, తేలిక అని తెలిసి కూడా. మాత్ర పడలేదు, లూప్ పడలేదు, ఇద్దరు పిల్లలు కాగానే ఆపరేషన్, అప్పటికి ఆమెకు పాతికేళ్లు కూడా ఉండవు. "పడలేదు" అన్నారంటే ఏమైందని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు డేట్ మారిందనే. తర్వాత నలభై దగ్గర పడ్డాక బ్లీడింగ్ ఎక్కువైతే "గర్భసంచి తీసేయండి, పీడా పోతుంది" అని అడుగుతారు. గర్భసంచి తొలగింపులో కూడా మన రాష్ట్రం దేశంలో ముందు వరుసలో ఉంది. మందులతో తగ్గే బ్లీడింగ్‌కు కూడా తీసేస్తే, అండాశయాలు కూడా తీసేస్తే ఎముకలు, గుండె మీద పడే భారం మిగతా జీవితమంతా ఉంటుంది. 2024లో మన అసెంబ్లీ స్థానిక ఎన్నికల్లో ఇద్దరు పిల్లల నిబంధన తీసేసింది, ఇప్పుడు ఎక్కువమందిని కనమని నాయకులు అడుగుతున్నారు. కనొద్దన్నప్పుడూ కనమన్నప్పుడూ ఆడవాళ్ల ఒంటి గురించే మాట్లాడుతున్నారు, ఆ ఒంట్లో ఏం జరుగుతుందో వాళ్లకు వివరించే మాట మాత్రం ఇందులో లేదు.

ప్రకటన చెప్పాల్సింది నేను చెబుతాను. కాపర్-టీ వేయించుకుంటే మొదటి మూడు నుంచి ఆరు నెలలు డేట్ ఎక్కువగా, నొప్పిగా రావచ్చు, తర్వాత చాలామందికి సర్దుకుంటుంది. రక్తహీనత ఉంటే ముందు అది చూసుకోవాలి. హార్మోన్ ఉన్న లూప్‌తో మొదట మరకలు, తర్వాత బ్లీడింగ్ బాగా తగ్గుతుంది, కొందరికి ఆగిపోతుంది. అంతర చివరి ఇంజెక్షన్ నుంచి మళ్లీ గర్భం రావడానికి సాధారణంగా 7 నుంచి 10 నెలలు పడుతుంది, మీలాగా రెండేళ్లలో పిల్లలు కావాలనుకునేవాళ్లు ఈ లెక్క వేసుకోవాలి. ఛాయతో డేట్ తక్కువగా, ఆలస్యంగా రావచ్చు. 15 రోజులు దాటి ఆలస్యమైతే గర్భ పరీక్ష చేయించాలి. పీసీఓడీ ఉన్నవాళ్లకు ఛాయ ఇవ్వం. ఆడవాళ్ల ఆపరేషన్ హార్మోన్లను ముట్టుకోదు, డేట్లు మామూలుగానే వస్తాయి.

మీ మాత్రల సంగతికొస్తే, రోజూ ఒకే టైముకు వేసుకోండి, టైము మారితే మరకలు ఎక్కువవుతాయి. ఒకటి మర్చిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని మిగతావి మామూలుగా కొనసాగించండి. వరుసగా రెండు, అంతకన్నా ఎక్కువ మర్చిపోతే వేసుకోవడం కొనసాగిస్తూ ఏడు రోజులు కండోమ్ కూడా వాడండి. వాంతులు, విరేచనాలు అయినా, టీబీకి రిఫాంపిసిన్ వాడుతున్నా మాత్ర సరిగా పనిచేయకపోవచ్చు. మొదలుపెట్టేటప్పుడు బీపీ చూడకపోతే ఈ వారమే చూపించుకోండి. చూపు మసకబారి మెరుపులు కనిపించే మైగ్రేన్ ఉన్నా, బీపీ ఉన్నా, మీ తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఎవరికైనా చిన్న వయసులో రక్తం గడ్డలు వచ్చినా ఈ మాత్ర మీకు తగకపోవచ్చు, డాక్టర్‌తో మాట్లాడి అవసరమైతే వేరేది ఎంచుకోవాలి. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి వచ్చినా, చూపు పోయినా మాత్ర ఆపి అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవేవీ లేకపోతే మూడో స్ట్రిప్ పూర్తిచేయండి. ఆ తర్వాత కూడా మరకలు పడుతుంటే, కలయిక తర్వాత రక్తం కనిపిస్తుంటే, లేదా మాత్రలు మర్చిపోయిన నెలలో డేట్ అసలు రాకపోతే గుంటూరులోనే మీకు నమ్మకమున్న లేడీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. కుదిరితే అత్తగారిని కూడా తీసుకెళ్లండి, ఆవిడ ప్రశ్నలు ఆవిడే అడగనివ్వండి. స్ట్రిప్ కవరుతో సహా పట్టుకెళ్లండి, అందులో ఏ హార్మోన్ ఎంత మోతాదులో ఉందో చూసి మాత్ర మార్చాలా, అదే కొనసాగించాలా చెబుతారు.